తల్లి తొడిగిన చొక్కా

"కోడలు అత్తమీద కంప్లయింట్ ఇవ్వడం చూశాను, అత్త కోడలిమీద ఇవ్వడమూ చూశాను. అత్తను వెనకేసుకొస్తూ కోడలు భూతద్దం పట్టుకుని దిగడం మాత్రం ఇదే చూడటం," అన్నాడు మీసాలాయన, విత్తనాలు దాచే చలిగది తలుపుకి అడ్డంగా నిలబడి.

"మీరు చూడనివి ఇంకా చాలా ఉన్నాయిలెండి. కాస్త పక్కకి జరిగితే అవి కూడా చూపిస్తాను," అన్నాను.

ఆయన జరగలేదు. మీసం మెలితిప్పాడు. మాటకి ముందొకసారి, మాటయ్యాక ఒకసారి మీసం మెలితిప్పకపోతే ఆయనకి తోచదు. ఒకప్పుడు పోలీసు ఇన్‌స్పెక్టరు. రిటైరయ్యాక ఈ విత్తన పరిశోధన కేంద్రంలో భద్రతాధికారిగా చేరాడు. నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. ఆయన లెక్కలో నాది ఉద్యోగం కాదు, పొద్దుపోని వ్యవహారం.

"నా రిపోర్టు సిద్ధంగా ఉందమ్మా. నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది. మీ అత్తగారు చెప్పిన పెద్దగింజ మొక్క ఒట్టి కట్టుకథ. డబ్బాలో ఉన్నవి చిల్లర గింజలు. వాటిని పారేయమని కూడా రాశాను."

"పారేయడానికి అంత తొందరేం? మీ ఇంట్లోవి కాదుగా. డైరెక్టరమ్మ నాకు నాలుగింటిదాకా టైమిచ్చింది. అభ్యంతరముంటే ఆవిడతో చెప్పుకోండి."

మీసం ఇంకోసారి తిరిగింది. ఆయన పక్కకి జరిగాడు.

అసలు గొడవేమిటో ఇక్కడే చెప్పేస్తాను. మా అత్తయ్య ఈ కేంద్రంలో మసూర్ పప్పు పంట మీద పనిచేసే శాస్త్రవేత్త. మసూర్‌లో పెద్దగింజ మొక్కలు ఆలస్యంగా పండుతాయి, తొందరగా పండేవి చిన్నగింజ వేస్తాయి. పెద్దగింజతో తొందరగా పండే మొక్క కోసం ఆవిడ సగం జీవితం పొలంలోనే గడిపింది. కిందటి సీజన్లో అలాంటిది ఒక్కటంటే ఒక్క మొక్క దొరికింది. అది వేరు కుళ్ళి చచ్చిపోయేలోపు దాన్ని మామూలు చిన్నగింజ మసూర్‌తో సంకరం చేసి, వచ్చిన గుప్పెడు గింజల్ని డబ్బాలో పెట్టి చలిగదిలో దాచింది. తల్లి పెద్దగింజ మొక్క, కాబట్టి గింజలు కూడా పెద్దవే. మొన్న పొద్దున ఆవిడ గుండె ఆపరేషన్‌కి ఆస్పత్రిలో చేరింది. నిన్న ఆపరేషన్ అయింది. అదే సమయంలో ఇక్కడ విత్తనాల తనిఖీ కమిటీ ఆ డబ్బా తెరిచింది. లోపల చొక్కా గుండీలంత గింజలుంటాయనుకుంటే మిరియంలో సగం కూడా లేని గింజలున్నాయి.

ఆ మొక్కని కళ్ళారా చూసిన డైరెక్టరు బదిలీ అయిపోయాడు. కొత్తగా వచ్చిన డైరెక్టరమ్మ దాన్ని చూడలేదు. ఇక మీసాలాయనకి అడ్డేముంది?

సాయంత్రానికి అత్తయ్య కళ్ళు తెరుస్తుందని డాక్టరు చెప్పాడు. తెరవగానే మా ఆయన క్షేమం అడగదు, మనవరాలి సంగతీ అడగదు. గింజలెలా ఉన్నాయని అడుగుతుంది. పోయాయని ఆ గుండెకి ఎలా చెప్పను?

నాకు పెళ్ళయిన కొత్తలో, డిటెక్టివ్ ఆఫీసు పెడతానంటే మావాళ్ళూ, అత్తింటివాళ్ళూ అందరూ నవ్వారు. చంకలో ఆర్నెల్ల పాప. అత్తయ్య ఒక్కతే నవ్వలేదు. పాపని నా చంకలోంచి తన చంకలోకి మార్చుకుంది. "నువ్వు వెళ్ళు. దీన్ని నేను చూసుకుంటా," అని చెయ్యి ఊపింది. పాపని ఎత్తుకునే పొలంలో మసూర్ మడుల మధ్య తిరిగింది. నా ఆఫీసు బోర్డుకి మేకు కొట్టింది కూడా ఆవిడే, వంకరగా. ఆ వంకర బోర్డు ఈరోజుకీ నేను సరిచెయ్యలేదు. ఈ కేసుకి ఫీజెంత అని డైరెక్టరమ్మ అడిగితే, నేనే బాకీ అన్నాను.

*

చలిగది ముందున్న చిన్న గదిలో స్టోర్‌కీపరు కూర్చుని ఉన్నాడు. ఎండాకాలంలో కూడా మంకీ క్యాప్ తియ్యడు కాబట్టి అందరూ ఆయన్ని మంకీ క్యాప్ అనే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు.

"మేడమ్‌గారికి ఎలా ఉందమ్మా?" అన్నాడు నన్ను చూడగానే. ఇక్కడ నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే.

"బాగానే ఉంది. మీరు అడిగారని చెబుతాను. తలుపుకి తాళంచెవులెన్ని?"

"రెండమ్మా. ఒకటి నా బెల్టుకే వేలాడుతుంది. ఇంకోటి సెక్యూరిటీ గదిలో, సారు కుర్చీ వెనక మేకుకి ఉంటుంది."

"నిన్న డబ్బా తెరిచేముందు చివరిసారి ఎప్పుడు చూశారు?"

"మొన్న పొద్దున. మేడమ్‌గారు ఆస్పత్రికి వెళ్తూ దారిలో ఇక్కడ ఆగి, మూత తీసి చూసుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. పెద్దవేనమ్మా! నా కళ్ళతో చూశాను. ఈ మాట చెబితే మీసాలాయన 'నీ టోపీ కళ్ళమీదికి జారిందేమో' అన్నాడు."

"ఆ తరవాత మీరు ఈ గది వదిలి వెళ్ళిందెప్పుడు?"

"మధ్యాహ్నం భోజనానికే. ఒంటిగంటకి వెళ్ళి రెండింటికి వచ్చాను. తాళం వేసే వెళ్ళాను, వచ్చేసరికి వేసే ఉంది."

"వరండాలో ఎవరైనా కనిపించారా?"

మంకీ క్యాప్ మొహం ముడుచుకుంది. "కనిపించారు. కనిపించి నన్ను అవమానించారు కూడా. ఏఓ గారు మంచినీళ్ళ కూలర్ దగ్గర కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. నమస్కారమండీ అంటే, కళ్ళు చికిలించి 'ఎవరదీ?' అన్నారు. ఇన్నేళ్ళుగా ఒకే కప్పు కింద పనిచేస్తున్నాం. ఈ బిల్డింగులో ఇంకెవరికుందమ్మా ఈ టోపీ?"

నాకు నవ్వొచ్చింది. ఏఓ అంటే ఇక్కడి పరిపాలనాధికారి. జీతాలూ, సెలవులూ, టెండర్లూ అన్నీ ఆయన చేతిమీదుగానే నడుస్తాయి. పాపం, కళ్ళజోడు లేకపోతే ఆయనకి ఎదురుగా ఏనుగున్నా కనిపించదట. అప్పటికి ఆ మాట అక్కడే వదిలేశాను.

"సొరుగు చూపించండి," అన్నాను.

లోపలికి వెళ్ళగానే ముక్కు కొస జివ్వుమంది. గోడ పొడుగునా ఇనుప సొరుగులు. అత్తయ్య సొరుగు నడుం ఎత్తులో ఉంది. డబ్బాని కమిటీ తీసుకెళ్ళింది, అది ఉండే చోటు ఖాళీగా ఉంది. చేతిదీపం వేసి, భూతద్దం పెట్టి మూలమూలా చూశాను.

సొరుగు వెనక అంచుకి నలిగిపోయిన చిన్న కాగితం కవరు ఇరుక్కుని ఉంది. ఖాళీ కవరు, మీద ఒక్క అక్షరం కూడా లేదు. దాని మూతికి మాత్రం ముడి ఊడిన ఎర్ర దారం వేలాడుతోంది. కవరు మడతలో ఒక చిన్నగింజ ఇరుక్కుంది.

"ఇదేమిటి?"

"తెలీదమ్మా. మేడమ్‌గారు డబ్బా కింద ఏదో పెట్టుకునేవారు. మామూలు మసూర్ అయ్యుంటుందనుకున్నాను, పోల్చి చూసుకోవడానికి."

"డబ్బాకి ఏ రంగు దారం ఉండేది?"

"నీలం."

నేను ఆ కవరు పట్టుకుని చలిలో అలాగే నిలబడిపోయాను. ఎందుకంటే ఆ దారాలు కొనిచ్చేది నేనే. ప్రతి సీజన్‌కీ రెండు రీళ్ళు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. అత్తయ్య ఏ పనీ ఒకవైపు నుంచి చెయ్యదు. దుప్పటిని కూడా అటోసారి ఇటోసారి తిప్పి దులిపే మనిషి. సంకరం కూడా అంతే. పెద్దగింజ మొక్కని తల్లిని చేసి ఒకసారి చేస్తుంది, ఆ పువ్వుకి నీలం దారం. అదే మొక్క పుప్పొడి తెచ్చి చిన్నగింజ మొక్క మీద వేసి ఇంకోసారి చేస్తుంది, ఆ పువ్వుకి ఎర్ర దారం.

రాత్రి భోజనాలయ్యాక బల్లమీద పప్పు ఏరుతూ ఆవిడ నాకు పాఠాలు చెప్పేది. నేను అందులో సగం వినేదాన్ని, సగానికి ఊఁ కొట్టేదాన్ని. "గింజ సైజంటే ఒక్క జీన్ చేసే పని కాదే అమ్మాయ్. బోలెడు జీన్లు తలా ఒక చెయ్యి వేస్తాయి. ఒకటి కాస్త పెంచుతుంది, ఇంకోటి కాస్త తుంచుతుంది. పెంచేవన్నీ ఒక్క మొక్కలోకి చేరాలంటే, మన చుట్టాలందరూ ఒకేరోజు చెప్పిన టైముకి పెళ్ళికి రావాలి." ఇంకో రోజు, ఒక గింజ తొక్క గోటితో ఊడదీస్తూ అంది: "ఈ తొక్క ఉంది చూశావూ, ఇది బిడ్డది కాదు, తల్లి తొడిగిన చొక్కా. తల్లి చిన్న చొక్కా కుడితే, తండ్రి ఎంత పెద్దవాడైనా, ఆ గింజ చొక్కా దాటి పెరగలేదు. లోపలి పప్పు మాత్రం బిడ్డదే. తండ్రి పోలిక అక్కడ దొరికిపోతుంది."

ఇన్నేళ్ళు ఆ ఊఁ కొట్టించినందుకు, అత్తయ్యా, నీకు వెయ్యి దండాలు.

బయటికి రాగానే కవరుని వెలుతురులో ఇంకోసారి చూద్దామని భూతద్దం ఎత్తాను. ఏమీ కనపడలేదు. అద్దం నిండా తెల్లగా మంచు పొరలా పట్టేసింది. చలిలోంచి వేడిలోకి వచ్చేసరికి ఆవిరి కమ్మేసింది. చున్నీ కొసతో తుడవబోయి, చెయ్యి మధ్యలో ఆపేశాను.

"మంకీ క్యాప్‌గారూ," అన్నాను మెల్లగా, "మొన్న ఏఓ గారు కళ్ళజోడు ఎలా తుడుచుకుంటున్నారు? ఒక్కసారి తుడిచి పెట్టేసుకున్నారా?"

"లేదమ్మా. తుడవడం, చూడటం, మళ్ళీ తుడవడం. చేతిలో గ్లాసైనా లేదు, రెండు చేతులూ ఆ పనిలోనే."

*

ఏఓ గది చక్కగా సర్దినట్టుంది. ఆయన మనిషి కూడా అంతే. కళ్ళజోడుకి నల్లతాడు కట్టి మెడలో వేసుకున్నాడు.

"మీ అత్తగారంటే నాకెంతో గౌరవమండీ," అన్నాడు కుర్చీ చూపిస్తూ. "ఇలా జరగడం చాలా బాధాకరం."

"మీరు చలిగదిలోకి వెళ్తుంటారా?"

"అయ్యో, నాకు చలి పడదండీ. సైనస్. ఆ గడప తొక్కి ఏళ్ళయింది."

"మొన్న మధ్యాహ్నం కూలర్ దగ్గర కళ్ళజోడు తుడుచుకుంటున్నారట?"

"టీ తాగుతున్నానండీ. ఆవిరి పట్టింది."

"చేతిలో గ్లాసు లేదటగా?"

"తాగేసి ఉంటాను." నవ్వాడు. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. "ఇంతకీ ఆ డబ్బాలోవి ఏం చేస్తారట?"

"పారేస్తారట."

"ఆఁ, అంతేలెండి. అంత చిన్నవి ఎవరికి పనికొస్తాయి?" అని కుర్చీలో వెనక్కి వాలాడు. నేను ఆయన భుజాలు చూస్తున్నాను. ఆ మాటతో అవి రెండంగుళాలు కిందికి దిగాయి.

*

నాలుగింటికి మీటింగ్ హాల్లో డైరెక్టరమ్మ, ఇద్దరు కమిటీ సభ్యులు, ఏఓ కూర్చున్నారు. మీసాలాయన రిపోర్టు పట్టుకుని నిలబడ్డాడు. మంకీ క్యాప్ తలుపు దగ్గర నిలబడ్డాడు. బల్ల మధ్యలో ఒక పళ్ళెం, దాన్లో ఆ గుప్పెడు చిన్నగింజలు, పక్కనే నీలం దారంతో ఖాళీ డబ్బా.

"ఇందులో దొంగతనం ఏమీ లేదు మేడమ్," అన్నాడు మీసాలాయన. "తాళం పగల్లేదు, సీలూ చెక్కుచెదరలేదు. ఉన్న మొక్క దొంగతనమైతే పట్టుకుంటాం, లేని మొక్కని ఎక్కడ వెతుకుతాం?"

"సీలంటే డబ్బాకి కట్టిన దారం ముడేగా," అన్నాను. "అది మా అయిదో తరగతి పాప కూడా విప్పి మళ్ళీ కడుతుంది."

"చూశారా మేడమ్, ఇంట్లో విషయాలు తెస్తోంది! కుటుంబసభ్యురాలికి దర్యాప్తేమిటి అని నేను మొదటే అన్నాను."

"కుటుంబసభ్యురాలిని కాబట్టే దారం రంగులు నాకు తెలిశాయి. మీకు తెలుసా?"

"రంగులు చూసి కేసులు తేలుస్తారా? ఇదేమన్నా చీరల షాపా?"

నాకు ఒళ్ళు మండింది. అత్తయ్య సంగతి గుర్తుచేసుకుని నోరు కట్టుకున్నాను. "మేడమ్," అన్నాను డైరెక్టరమ్మతో, "మామూలు చిన్నగింజ మసూర్ లోపల ఏ రంగు?"

"ఇక్కడ మేం వాడేది పసుపు."

"మా అత్తయ్య పెద్దగింజ మొక్కకి?"

"ఎరుపు అని ఆవిడ నివేదికలో చెప్పింది. ఎరుపు పసుపుని కప్పేస్తుంది." ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి. "ఎందుకడుగుతున్నారు?"

నేను హ్యాండ్‌బ్యాగులోంచి నెయిల్ కట్టర్ తీసి బల్లమీద పెట్టాను. మీసాలాయన పకపకా నవ్వాడు.

"వద్దు," అంది డైరెక్టరమ్మ. "సంకరం గింజకి కత్తి తగలనివ్వం. ఇక్కడ అది నియమం."

"సంకరం గింజలే కావని రిపోర్టులో ఉందిగా మేడమ్. పారేయబోయేవాటికి నియమమేమిటి? పైగా నేను ప్రాణం తియ్యను. మొలకొచ్చే కన్ను ఉన్నవైపు ముట్టుకోకుండా, రెండోవైపు తొక్కలో చిన్న గాటు. నీళ్ళు బాగా తాగుతాయని మా అత్తయ్య మొలక కట్టేముందు ఇలాగే చేస్తుంది."

ఆవిడ పళ్ళెం నా వైపు జరిపింది. "కానివ్వండి. ఒక్కటే."

ముందు మంకీ క్యాప్ తెచ్చిన మామూలు మసూర్ గింజ తీసుకున్నాను. కట్టర్ చిటుక్కుమంది. గాటులోంచి పసుపురంగు కనిపించింది. అందరికీ చూపించాను. తరవాత పళ్ళెంలోంచి ఒక గింజ తీసుకున్నాను. రెండూ పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి, సైజులో, పైరంగులో ఇసుమంత తేడా లేదు. ఇది కూడా పసుపే అయితే, సాయంత్రం అత్తయ్య ముందు నిలబడటానికి నాకు మొహం లేదు.

చిటుక్.

ఎరుపు. కుంకుమలాంటి నిండు ఎరుపు.

డైరెక్టరమ్మ కుర్చీలోంచి లేచి నా చేతిలోంచి భూతద్దం లాక్కుంది. "రెండో వైపు సంకరం!" అంది. "తల్లి చిన్నది, తండ్రి పెద్దగింజ మొక్క. గింజ తల్లి సైజులోనే ఉంటుంది, లోపల తండ్రి ఉంటాడు. ఆవిడ రెండు వైపులా చేసిందన్నమాట!"

"అవును మేడమ్. పెద్దవి డబ్బాలో, నీలం దారంతో. చిన్నవి దాని కిందే కవర్లో, ఎర్ర దారంతో. ఇదిగో ఆ కవరు. ఎవరో డబ్బాలోంచి పెద్దవి తీసుకుని, ఖాళీ కనపడకుండా కవర్లోవి అందులో పోశారు. అవి పనికిరానివని అనుకున్నారు."

"పనికిరానివా!" డైరెక్టరమ్మ గొంతు పెద్దదైంది. "ఏ వైపు చేసినా బిడ్డకి చేరే జీన్లు అవే. పోయిన పెద్దవి విత్తినా, ఈ చిన్నవి విత్తినా వచ్చే మొక్క ఒకటే. వాటి పిల్లల్లో, మనవల్లో పెద్దగింజలు మళ్ళీ ఏరుకోవచ్చు. ఏమీ పోలేదు!"

"అంటే," అన్నాడు ఏఓ, పాలిపోయిన మొహంతో, "ఏది తీసుకున్నా ఒకటేనా?"

ఆయన తన మాట తనే విని నోరు మూసుకున్నాడు, కానీ అది అప్పటికే బల్లమీద పడింది.

"ఒకటేనండీ," అన్నాను. "తీసుకున్నవాడికే ఆ బాధ. విత్తనాలు తెలిసినవాళ్ళు ఎవరూ ఆ కవరుని అలా గుమ్మరించేవాళ్ళు కాదు. సైజు చూసి సరుకు ఎంచే మనిషి చేసిన పని ఇది. మొన్న రెండింటికి మీ కళ్ళజోడుకి పట్టింది టీ ఆవిరి కాదు. చలిగదిలోంచి బయటికొస్తే పట్టే ఆవిరి. అందుకే మీకు మంకీ క్యాప్ కనపడలేదు. మంకీ క్యాప్ కనపడకపోవడం అంటే మాటలా?"

తలుపు దగ్గర మంకీ క్యాప్ ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

ఏఓ తల దించుకున్నాడు. "ఒక విత్తనాల కంపెనీ మనిషి పెద్దవి కావాలన్నాడు. మొన్ననే ఇచ్చేశాను."

"తాళంచెవి?"

ఆయన కళ్ళు ఒక్కసారి పైకి లేచి, మీసాలాయన దాకా వెళ్ళి, మళ్ళీ కిందికి దిగాయి. "సెక్యూరిటీ గదిలో ఎవరూ లేనప్పుడు మేకుకి ఉంటే తీసుకున్నాను."

మీసాలాయన పెద్దగా నిట్టూర్చాడు. "నా నిర్లక్ష్యమే మేడమ్. ఒప్పుకుంటున్నాను. ఆ తాళంచెవి అలా వదలకూడదు." నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, మీ అత్తగారిని అబద్ధాలకోరని రాసిన కాగితం ఇదిగో, మీ ముందే చింపేస్తున్నా. ఆవిడ లేచాక నా తరఫున క్షమాపణ చెప్పండి."

నిజం చెప్పొద్దూ, నా కోపం చల్లారిపోయింది. ఆ క్షణంలో నాకు లోకంలో అందరిమీదా ప్రేమ పుట్టుకొచ్చింది. డైరెక్టరమ్మ చేతులు పట్టుకున్నాను. మంకీ క్యాప్‌కి దండం పెడితే ఆయన కంగారుపడి టోపీ తీసేశాడు. లోపల మనిషికి నిండా జుట్టుంది!

"ఈ గింజలు ఇప్పుడు సాక్ష్యం," అన్నాడు మీసాలాయన, పళ్ళెంలోవి జాగ్రత్తగా డబ్బాలో పోస్తూ. "ఆ చలిగది తాళాన్ని ఇక నమ్మలేం. పోలీసులు వచ్చేదాకా నా లాకర్లో పెడతాను."

డైరెక్టరమ్మ సరేనంది. డబ్బాకి నీలం దారం నేనే ముడి వేసి, ఆయన చేతిలో పెట్టి, "చాలా థాంక్సండీ," అన్నాను మనస్ఫూర్తిగా.

గాటు పడిన గింజ మాత్రం మిగిలిపోయింది. "ఇది మిగతావాటితో కలిపితే తేమ పట్టి పాడవుతుంది," అంది డైరెక్టరమ్మ. తడి దూదిలో చుట్టి నా అరచేతిలో పెట్టింది. "తీసుకెళ్ళి ఆవిడకి చూపించండి. ఏ మందూ ఇంత బాగా పనిచెయ్యదు."

*

ఐసీయూ బయట మా ఆయన కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"లేచింది. గొంతులో గొట్టం ఉంది, మాట్లాడలేదు. చేతులతో ఏదో అడుగుతోంది, నాకు ఒక్క ముక్క అర్థం కావట్లేదు. నువ్వెళ్ళు, నీకైతే తెలుస్తుంది."

అత్తయ్య దిండుమీద చిన్నపిల్లలా కనిపించింది. నన్ను చూడగానే బొటనవేలూ చూపుడువేలూ కలిపి, మధ్యలో గింజ ఉన్నట్టు నలిపి చూపించింది. ఇదేనన్నమాట వాళ్ళబ్బాయికి అర్థం కానిది.

"గింజలు భద్రంగా ఉన్నాయి అత్తయ్యా," అన్నాను. మంచం పక్కన కూర్చుని మెల్లగా, భయపెట్టకుండా అంతా చెప్పాను. పెద్దవి పోయాయనగానే కనుబొమలు ముడిపడ్డాయి. ఎర్ర దారం కవరు అనగానే విచ్చుకున్నాయి. దూది విప్పి, గాటులోంచి ఎరుపు చూపించాను. ఆవిడ కళ్ళ చివర్లనుంచి నీళ్ళు చెవులవైపు జారాయి. నావీ ఆగలేదు.

"నువ్వు పప్పు ఏరుతూ చెప్పిందే చెప్పాను అక్కడ. నా సొంత తెలివి ఏమీ లేదు. నువ్వు లేకపోతే నాకు ఆ ఆఫీసూ లేదు, ఈ బుర్రా లేదు. ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. నా పుట్టింట్లో కూడా నన్ను ఇంత నమ్మినవాళ్ళు లేరు అత్తయ్యా."

ఆవిడ నా చెయ్యి నొక్కింది. తరవాత కనుబొమలు ఎగరేసింది. ఎవరు?

"ఏఓ. ఒప్పుకున్నాడు."

అత్తయ్య తల అడ్డంగా ఊపింది. రెండు వేళ్ళు చూపించింది.

"రెండా? రెండేమిటి? ఇద్దరా?"

అవునన్నట్టు కళ్ళు మూసి తెరిచింది.

"ఆపరేషన్‌కి ముందు నీ దగ్గరికి ఇద్దరు వచ్చారా? గింజల గురించి అడిగారా?"

మళ్ళీ అవును. మొదటి వేలు మడిచి, లేని కళ్ళజోడుని ముక్కుమీదికి తోసుకుంది. ఏఓ. రెండో వేలు మడిచింది. సూది గుచ్చిన ఆ చెయ్యి కష్టంగా పై పెదవి దాకా లేచింది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి గాలిలో మెల్లగా మెలి తిరిగాయి.

చిన్నగింజల్ని పారేయమని తొందరపడినవాడు. దొంగతనమే లేదని రిపోర్టు రాసినవాడు. తాళంచెవి ఎవరి కుర్చీ వెనక ఉంది? ఏఓ చూపు ఎవరి మీదికి వెళ్ళి దిగింది? చిన్నవి కూడా బంగారమేనని ఆ గదిలో అందరితోపాటు అప్పుడే తెలుసుకున్నవాడి చేతికి డబ్బా ఇచ్చి, ముడి కూడా నేనే వేసి, థాంక్స్ చెప్పి వచ్చాను.

వెంటనే మంకీ క్యాప్‌కి ఫోన్ చేశాను.

"సారా? ఇప్పుడే జీపెక్కి వెళ్ళిపోయారమ్మా. డబ్బా పోలీసులకిచ్చి వస్తానన్నారు. ఫోన్ ఎత్తడం లేదని డైరెక్టరమ్మ కూడా వెతుకుతోంది. ఏమైందమ్మా?"

ఫోన్ పెట్టేశాను. అత్తయ్య మొహంలోకి చూసే ధైర్యం లేదు. ఆవిడ నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగింది. నా అరచేతిలోని దూదిని వేలితో తట్టింది. ఒక వేలు పైకెత్తి చూపించింది.

ఒకటి. ఒక గింజ, ఒక మొక్క. ఆ మొక్కకి వందల గింజలు. పప్పు ఏరుతూ ఆ లెక్క కూడా చెప్పింది నాకు.

తడి దూదిని ఆవిడ చేతిలో పెట్టాను. ఆ వేళ్ళు పిడికిలిగా ముడుచుకుని దుప్పటి కిందికి వెళ్ళిపోయాయి. భూతద్దం బ్యాగులో పడేసి లేచాను. తలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. అత్తయ్య రెండో చెయ్యి ఊపుతోంది. పాపని చంకనెత్తుకున్న రోజు ఊపినట్టే, అదే చెయ్యి, అదే ఊపు.

నువ్వు వెళ్ళు. దీన్ని నేను చూసుకుంటా.